అడిగినవారికి అడిగిన చోటు నుంచి

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జులై మూడో తేదీ, సోమవారం ఉదయం, మా దృశ్యపాఠ గ్రంథాలయంలోని టేపుల విభాగంలో సహాయ సాంకేతిక నిపుణురాలిగా ఒక యువతి బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఆరేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం, ముఖ్య సాంకేతికాధికారిణిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణిని గురించి ఈ సన్మాన సంచికలో నాలుగు మాటలు రాసే భాగ్యం, అన్నేళ్లూ ఆమె పక్క బల్ల దగ్గరే కూర్చుని రోజుకొక్కసారైనా ఆమెతో వాదించిన నాకు దక్కింది. చాటుమాటుగా కార్యాలయమంతా ఆమెను ‘ముక్కల మేడమ్’ అనే వ్యవహరిస్తుంది. ఎదురుగా అలా పిలిచే ధైర్యం నాకొక్కడికే ఉండేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆ తొలి రోజుల్లో మా సంస్థ పని చాలా సూటిగా ఉండేది. కుట్టుపని, మోటార్ల మరమ్మతు, రోగుల పరిచర్య వంటి విషయాలపై నిపుణులు చెప్పిన పాఠాలను చిత్రీకరించి, కావాలని ఉత్తరం రాసినవారికి టేపు మీద నకలు తీసి పంపేవాళ్లం. నకలు తీయడంతో మా అందరి బాధ్యతా తీరిపోయేది గానీ ఆమెకు తీరేది కాదు. ప్రతి నకలునూ చివరిదాకా చూసి, తెర మీద ఒక్క గీత కనబడినా మళ్లీ మొదటికి వచ్చేవారు.

“పోనిద్దురూ, అంత పట్టిపట్టి ఎవరు చూడొచ్చారు?” అని నేను విసుక్కుంటే, “చూడటానికే కదండీ అడిగారు” అని తలైనా ఎత్తకుండా జవాబిచ్చేవారు. ఆమెతో నా వాదనలు చాలావరకు ఇంత తొందరగానే ముగిసేవి.

కాలక్రమంలో టేపులు మూలనపడ్డాయి, ఇంటర్నెట్ వచ్చింది. ప్రసార విభాగ బాధ్యత ఆమె చేతికి వచ్చింది. ఒక పాఠాన్ని చూసేవారి ఇంటికి ఏకమొత్తంగా పంపడం సాధ్యం కాదు కనుక, దాన్ని కొన్నేసి సెకన్ల ముక్కలుగా కోసి, ఒకదాని వెనుక ఒకటి పంపుతారు. బలమైన కనెక్షన్ ఉన్నవారికి స్పష్టమైన ముక్కలు, లేనివారికి తేలికపాటి ముక్కలు. ఆ రోజుల ఆచారం ప్రకారం, ఎవరైనా అడిగినా అడగకపోయినా, ఉన్న పాఠాలన్నిటినీ అన్ని రకాలుగానూ ముందే కోసి డిస్కుల్లో పేర్చి ఉంచేవాళ్లం. డిస్కుల సంరక్షకుడిగా ఆ పేర్పు నా పని. కొన్నాళ్లకు సూది మోపే చోటు కూడా మిగల్లేదు.

అప్పుడు కొత్తగా వచ్చిన సంచాలకులు, ఏడాదిలో వందమందైనా చూడని పాఠాలను నెలాఖరులోగా శాశ్వతంగా తొలగించాలని ఆజ్ఞాపించారు. ఆ వేటు పడవలసినవాటిలో గొంతు పాఠాలు కూడా ఉన్నాయి. వ్యాధి వల్ల స్వరపేటిక తీసేయించుకున్నవారు, గాలిని నోటితో లోపలికి మింగి, దాన్ని తిరిగి పైకి వదులుతూ కొత్తగా పలకడం నేర్చుకోవచ్చు. ఆ విద్యను పెదవుల కదలిక దగ్గరగా కనబడేటట్టు, అక్షరం తర్వాత అక్షరంగా నేర్పిన శిక్షకురాలు అప్పటికే కాలధర్మం చెందారు. మరోసారి చిత్రీకరిద్దామన్నా వీలు లేదు. చూసేవారు మాత్రం ఎప్పుడూ పట్టుమని పాతికమంది ఉండేవారు కారు.

తొలగింపు ప్రకటన మా పేజీ మీద కనబడిన రెండో రోజున ఒక బస్సు కండక్టరు గారి భార్య ఫోన్ చేశారు.

“అమ్మా, ఆ గొంతు పాఠం తీసేస్తున్నారట కదా. ఆపరేషనైన దగ్గర్నుంచి మా ఆయన అది చూసే పలకడం నేర్చుకుంటున్నారు. ‘ప’ వచ్చింది, ‘త’ వచ్చింది, ‘క’ కూడా వచ్చింది. ‘ఆ’ మాత్రం ఇంకా పట్టుబడలేదు. అది వచ్చేదాకానైనా ఉంచండమ్మా!”

మా మేడమ్ ఫోన్ పెట్టేసి, తొలగించవలసిన పాఠాల జాబితాను ముందుకు లాక్కున్నారు. అది చూసి నాకు భయం వేసింది, ఎందుకంటే ఆమె కోపం ఎప్పుడూ అలాగే మొదలయ్యేది.

ఆ మధ్యాహ్నమే ఆమె సంచాలకుల గదిలోకి వెళ్లి తన ప్రతిపాదనను విన్నవించారు. ముందే కోసి దాచిన ముక్కలన్నిటినీ తీసేద్దాం, అసలు పాఠాన్ని ఒక్కటే ఉంచుదాం, ఎవరు అడిగితే వారికి అప్పటికప్పుడు కోసి పంపుదాం అన్నది దాని సారాంశం. వేడివేడిగా అట్టు వేసి పెట్టేవారికి, ముందుగానే వందల అట్లు పోసి గిన్నెల్లో పేర్చుకునే అవసరం లేదు కదా అని ఆమె వాదన. “అడిగిన క్షణంలో అందకపోతే?” అని సంచాలకులు ప్రశ్నించారు. “అందుతుంది, చూపిస్తాను” అని ఆమె మాటిచ్చి వచ్చారు.

శుక్రవారం ప్రదర్శన. మేము పదేపదే పరీక్షించి చూసుకున్నాం, అంతా సవ్యంగానే ఉంది. రోజూ చూసేవారే చూడాలని ఆమె కండక్టరు గారిని, ఆయన భార్యను పిలిపించారు. మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకున్న ఆ పెద్దమనిషి మా అందరి ఎదుటా కుర్చీలో కూర్చుని, పాఠం మొదలవనైనా మొదలవకముందే నేరుగా దాని మధ్యభాగం మీద నొక్కారు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. అలా తిరుగుతూనే ఉంది. ఆయన అరచేతిని గొంతు కింద ఆనించుకుని, గాలి మింగడానికి సిద్ధంగా, తెర వంకే చూస్తూ ఉండిపోయారు.

“ఇంట్లో ఇట్లా ఆగదండీ” అన్నారు ఆయన భార్య, తప్పు తమదేనన్నట్టు.

“మేడమ్, మీ శ్రమ నేను కాదనను. కానీ మనిషి వచ్చి కూర్చుంటే పలకని పాఠాన్ని దాచుకుని ఏం చేస్తాం?” అన్నారు సంచాలకులు.

వీడియో పనిలో తలపండినవాళ్లు తప్ప మరొకరు చేయలేని పొరపాటు అది. పరీక్షించిన ప్రతిసారీ మేమంతా బుద్ధిమంతుల్లా పాఠాన్ని మొదటి నుంచే చూశాం. వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. కొన్ని సెకన్లకొకసారి ఒక నిండు బొమ్మ, దాని తర్వాత మారిన భాగాలు మాత్రమే ఉంటాయి. నిండు బొమ్మ దగ్గర కోస్తేనే ముక్క సరిగా ఉంటుంది, లేకపోతే మనిషి ముఖం అలుక్కుపోతుంది. ఆ నిండు బొమ్మ ఎక్కడుందో వెతకడానికి మా యంత్రం ప్రతిసారీ పాఠం మొదటి నుంచి చదువుకుంటూ వచ్చేది. మొదటి నుంచి చూసే మాకు ఆ ఆలస్యం తెలియనే లేదు.

ఆమె సాకులు చెప్పలేదు. కండక్టరు గారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, “మీరు రోజూ ఇక్కడికే వస్తారా?” అని అడిగారు. ఆయన తల ఊపారు. “ఇక్కడ ఎన్నిసార్లు చూస్తారు?” ఆయన చేయి గుండ్రంగా తిప్పారు.

“ఆ అక్షరం దగ్గరే, అండీ. చూస్తారు, వెనక్కి జరుపుతారు, మళ్లీ చూస్తారు. కూర వండి దించేదాకా అదే పని” అన్నారు భార్య.

మేడమ్ లేచి సంచాలకులతో, “సోమవారం దాకా ఆగండి సార్” అన్నారు.

“సోమవారానికి ఏం మారుతుంది మేడమ్?”

“ఈయన ఎక్కడ నొక్కితే అక్కడి నుంచే వస్తుంది.”

శని, ఆదివారాలు కార్యాలయంలోనే గడిచాయి. ప్రతి పాఠంలోనూ నిండు బొమ్మలు ఎక్కడెక్కడున్నాయో ముందే గుర్తించి, ఆ గుర్తులను మాత్రమే దాచుకునే ఏర్పాటు ఆమె చేశారు. ముక్కలు దాచనక్కర్లేదు, దారి తెలిస్తే చాలు. నేను డిస్కులు చూసుకుంటూ నా వంతు విసుగు విసుక్కున్నాను. లెక్కల మాస్టారైన ఆమె భర్త భోజనం పట్టుకొచ్చి, “మా ఆవిడ ఇక్కడ ఉద్యోగమే చేస్తోందా, కాపురం కూడా మార్చేసిందా?” అని నన్ను నిలదీశారు.

సోమవారం కండక్టరు గారు మళ్లీ అదే చోట నొక్కారు. వెంటనే ఆ శిక్షకురాలి ముఖం వచ్చింది. తెర మీద ఆవిడ పెదవులు తెరిచారు, ఆయనా తెరిచారు. ధ్వని రాలేదు. వెనక్కి జరిపారు, పాఠం వచ్చింది. మళ్లీ జరిపారు, మళ్లీ వచ్చింది. ఆ రోజు ఆయనకు ‘ఆ’ రాలేదు, కానీ పాఠం ఒక్కసారి కూడా ఆయన్ను ఆపలేదు. ఆయన ఇక చాలని లేచేదాకా నిలబడే ఉన్న సంచాలకులు, “ఉంచండి. అన్నీ ఉంచండి” అని చెప్పి బయటికి వెళ్లిపోయారు. నా కళ్లు చెమర్చాయని రాయడానికి నేనేమీ సిగ్గుపడటం లేదు.

ఆజ్ఞ రాగానే తొలగింపు మొదలుపెట్టేసిన కొందరు ఉత్సాహవంతుల పుణ్యమా అని వడ్రంగం పాఠాలు కొన్ని అంతకుముందే మాయమైపోయాయి. వాటి ప్రస్తావన వస్తే ఆమె ఈనాటికీ లేచి వెళ్లిపోతారు. నాటి నుంచి మాత్రం, ఏ కొత్త ఏర్పాటునైనా దాని అవసరం నిజంగా ఉన్న మనిషి వచ్చి, తన ఇష్టం వచ్చినట్టు నొక్కి చూడనిదే ఆమోదించకూడదన్నది మా విభాగంలో నియమమైంది. ముఖ్య సాంకేతికాధికారిణి అయ్యాక ఆమె ఎన్నో యంత్రాలు మార్చారు, ఎందరినో తీర్చిదిద్దారు, ఆ నియమాన్ని మాత్రం సడలించలేదు. ఇంట్లోనూ ఇదే ధోరణి కాబోలు. “మా అమ్మతో సినిమా చూడటం శిక్షండీ, మధ్యలో ఆపి ‘ఇక్కడ అతుకు కనబడిందా?’ అని అడుగుతుంది” అని ఆమె కుమార్తె నాతో మొరపెట్టుకున్నారు.

ఇక సంప్రదాయానుసారం ఆయురారోగ్యాలను ఆకాంక్షిస్తూ ఈ వ్యాసాన్ని ముగించాలి. అందుకు పెద్దపెద్ద సమాసాలు కొన్ని సిద్ధం చేసుకున్నాను కూడా. ఇంతలో మొన్న నా బల్ల మీది ఫోన్ మోగింది. ఎత్తగానే ఏమీ వినబడలేదు, ఎవరో గాలి మింగిన చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత గరగరమనే ఒక కొత్త గొంతు, మాట మాటకీ ఆగుతూ, కండక్టరునని చెప్పుకుంది. మేడమ్ గారి గురించి పుస్తకం వేస్తున్నారని తెలిసిందట, తన మాట కూడా అందులో వేయమని అడిగింది. నా సమాసాలను పక్కన పెట్టి, మా అందరి తరఫునా ఆయన ఆశీర్వచనాన్నే ఆయన పలికిన తీరులో ఇక్కడ ఉంచుతున్నాను.

“నిండు... నూరేళ్లు... ఆరోగ్యంగా... ఉండాలమ్మా.”