గంజి వార్చిన పొద్దు

(తిరుచానూరు నుంచి ఏర్పేడుకు పోయే బాటలో ఎద్దుల బండి. తోలుతున్నవాడు మునస్వామి. వెనక గడ్డి మీద అతని భార్య కుప్పమ్మ, పక్కన బట్టల మూట.)

“అట్ల గాదు మామా. మళ్లా ఎప్పుడు పిల్చుకోని పోతావు, అది చెప్పు.”

“వస్తాలే మే.”

“ఎప్పుడు?”

“గంగడి కాలు మాననీ. పుండు ఆరనీ.”

“బిడ్డ కాలు కాలి ఆడ పండుకోనుంటే, తల్లిని పుట్టింటికి తోలుకోని పోతా ఉండావు. ఇదేం న్యాయం?”

“మా యమ్మ సూసుకుంటాది గదా వాణ్ణి. నువ్వు పట్టపొగులు తూగుతావు. మళ్లా ఏ పొయ్యి కాడో... కుప్పా? కుప్పా? అంతలోకే పోయిందా నిద్దర. హో, మెల్లగా పోండ్రా. గుంతలో ఎత్తేస్తే లేస్తాది పాపం.”

“యాడికొచ్చినాం?”

“రేణిగుంట దాటినాం. రైలు కూతేసినా లేవలేదు నువ్వు.”

“ముందరైతే దానికీ ఒక కత కట్టేవోడివి. నా గురక ఇని రైలే దోవ ఇచ్చిందనేవోడివి.”

“కతలు లేవు మే ఇప్పుడు.”

“ఏమైపోయినాయి? గంజి వార్చిన పొద్దు నుంచి నోరు కట్టేసుకోని ఉండావు.”

“నేనేం కట్టేసుకోలేదు.”

“పెద్దోళ్ల ముందర ఏమని చెప్పినావు?”

“ఏమని చెప్తా? కంట్రోలు బియ్యం ఉడికినాయి, గంజి వారుస్తా తూగింది, చట్టి జారి బిడ్డ కాలి మీద పడిందని అందురూ అన్నారు. నేనూ ఊ అన్నా.”

“నేను తూగినానా మామా?”

“ఎండ జాస్తిగా ఉండాది. ముసుగేసుకో.”

“తూగినానా?”

“తూగేదానివే గదా. ఎవుర్నడిగినా...”

“ఎవుర్నో అడగలేదు. నిన్ను అడగతా ఉండా. ఆ పొద్దు తూగినానా?”

“లేదు.”

“ఊఁ.”

“కండ్లు తెరుచుకోనే ఉన్నావు. నా మొగమే సూస్తా ఉన్నావు. నేనే పొయ్యి కాడ కూచోని...”

“మీ తాత మీసంలో పిచిక గూడు పెట్టిందన్నావు. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆయప్ప తుమ్ము బిగబట్టుకోనే తిరిగినాడన్నావు. ఆఖరికి తుమ్మితే పిల్లలు పోయి గూడూరు టేసన్లో దిగినాయి. టికెట్టు యాడ అని అడిగినారంట వాటిని.”

“చాలు మే.”

“ఆడే పోయినాయి నా చేతులు. మోకాళ్లూ పోయినాయి. అంతా ఇనపడతానే ఉండాది. బిడ్డ ఏడుపూ ఇనపడింది. లేసేదానికే కాలేదు.”

“నేను నవ్వించినా, నువ్వు పడినావు. తెల్సీ ఊ అన్నా. నా నోరు కాలాల్సింది కుప్పా, వాడి కాలు గాదు. నువ్వు మీ యమ్మ కాడుంటే నా మాట ఇనపడదు. నవ్వి పడవు.”

“నీకు ఆ పొద్దు తెల్సింది. నాకు చిన్నప్పుడే తెల్సు.”

“ఏంది తెల్సేది?”

“నవ్వితే పడతానని. బడిలో ఒక తూరి నవ్వి పడినా. మొగుడికి ముందే చెప్పమని మా యమ్మ వొట్టేయించుకునింది.”

“మరి చెప్పలేదే నువ్వు?”

“చెప్పాలనే ఉన్నా. పెండ్లి పీట మీదే నువ్వు నా చెవిలో ఏందో అంటివి. ఒరిగిపోయినా. సిగ్గుపడతా ఉండాదని అందురూ అనుకున్నారు. చెప్తే మానేస్తావని ఇంక చెప్పలా.”

“పడతావని తెల్సీనా?”

“తెల్సీ. ఆ పొద్దు కూడా చట్టి కింద పెట్టి నవ్వాల్సింది. పెట్టేదాకా ఆగలేకపోయినా. బిడ్డ కాలు కాల్చింది నీ నోరు గాదు.”

“అట్లనొద్దు మే. అదిగో, ఏర్పేడు అగుపడతా ఉండాది. మీ యింట్లో ఎప్పుడన్నా పడినావా? లేదు గదా. ఆడే నీకు మంచిది.”

“ఆ యింట్లో ఒక్క తూరి కూడా పడలేదు మామా. నాకోసరం ఆడ అందురూ నవ్వేది మానేసినారు.”