హల్లులు సరిచేసిన డాక్టరమ్మ

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న తెలుగు మాస్టారు రాజగోపాలయ్యగారికి, ఇవాళ రిటైరై, రేపటి నుంచి ఆసుపత్రికి రానని బెదిరిస్తున్న మా పళ్ళ డాక్టరమ్మ నేత్రావతిగారికి, బజారులో అంగళ్ళు మూసి మరీ వచ్చిన బళ్ళారి పెద్దలకు, నోట్లో తీగలతో ముందు వరుసలో మెరుస్తున్న పిల్లలకు నమస్కారం. నా పేరు జితేంద్ర. రోగుల తరఫున మాట్లాడమని నన్ను నిలబెట్టారు. నా పళ్ళు చక్కగానే ఉన్నాయి కనుక, ఏ అర్హత చూసి నిలబెట్టారో తెలియక పొద్దుటి నుంచీ అయోమయంలో ఉన్నాను.

అసలు ఈ అయోమయానికి మూలం మా హనుమక్క అత్త. (అదిగో, కొంగు అడ్డం పెట్టుకుంటోంది.) మా అన్న కూతురు ప్రతిభకు ఏడేళ్ళప్పుడు, నంద్యాల నుంచి వేసవికి వచ్చిన అత్తే దాన్ని డాక్టరమ్మకు చూపించడానికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పరీక్షించి కన్నడలో, "హల్లు సరియాగి బర్తా ఇల్ల" అన్నారు. కన్నడంలో హల్లు అంటే పన్ను అని మనకు తెలుసు, నంద్యాలకు తెలియదు. అత్త నేరుగా మాస్టారింటికి నడిచింది. "పాపకు హల్లులు సరిగా రావడంల్యా అంట సారూ! డాక్టరమ్మే కనిపెట్టింది!" (నవ్వులు)

ముందు పళ్ళు ఊడిన పిల్ల 'స' అనమంటే 'థ' అంటోంది కనుక, ఇంటిల్లిపాదీ నమ్మాం. మాస్టారు ఆ వేసవంతా దానిచేత క ఖ గ ఘ వల్లె వేయించారు. పళ్ళు మొలిచాయి, 'స' పలికింది. అది తన బోధన ఫలితమేనని మాస్టారు ఈరోజుకీ అంటున్నారు. కాదా మాస్టారూ? (మాస్టారు వేలు చూపిస్తున్నారు.) సరే, ఔను.

మరుసటి ఏడు మా వదిన వెళ్ళి ఆరా తీస్తే, ఆ హల్లులు పళ్ళేనని తేలింది గానీ, మరో అయోమయం. ఏడేళ్ళకే పిల్లల పళ్ళు చూపించమని ఊరందరికీ చెప్పేదీ డాక్టరమ్మే, చూపిస్తే ఆగమన్నదీ డాక్టరమ్మే. "పాల పళ్ళు ఇంకా ఉండాయమ్మా, దవడ పెరగనీ, ఏడాదికొకసారి తోర్సు సాకు, చూపిస్తే చాలు" అని ఆవిడ తెలుగు కన్నడాలు కలిపి చెబితే, మా వదిన ఊరుకోలేదు. "మా వెనకింటి ఈరేశ్‌కు ఎనిమిదేళ్ళకే పళ్ళకు క్లిప్పులు వేస్తిరి కదా, మేమేం పాపం చేసినాం?" అంది. "వాని కింద పళ్ళు పై పళ్ళ ముందుకు వచ్చినాయి. ఆగితే దవడ మొండికేస్తాది. నీ బిడ్డది ఆగే నోరు" అన్నారు డాక్టరమ్మ. మా ఇంట్లో ఆగే నోరు ఒకటుందని అప్పుడే తెలిసింది. (నవ్వులు)

పన్నెండేళ్ళకు క్లిప్పులు పడ్డాయి. నెలనెలా తీగ బిగించడం, చెగోడీలు మానడం, ఏడుపు. ఇంకా సగం పనే అయింది. ఇంతలో ఈ శాలువా, ఈ దండ! మొన్న ప్రతిభ నన్ను పట్టుకుంది. "చిన్నాయ్‌నా, నా క్లిప్పులు ఆయమ్మే తీయాల. ఇంకెవురన్నా చెయ్యి పెడితే కొరికేస్తా, చెప్తాండా." అప్పటి నుంచి నోరు తెరవడం లేదు. ఇక్కడికొచ్చీ మూతి బిగించుకునే కూర్చుంది, చూడండి. రేపటి నుంచి ఆవిడ కుర్చీలో కూర్చోబోయే కొత్త డాక్టరుగారూ, మీ వేళ్ళ గురించే నా దిగులంతా. నవ్వుతూనే చెబుతున్నాను గానీ డాక్టరమ్మా, ఆ పిల్లకు మీ చెయ్యి తప్ప మరో చెయ్యి తెలియదు.

(డాక్టరమ్మ ఏదో సైగ చేస్తున్నారు. సరే అనా, ఇక కూర్చో అనా? నాకు అర్థం కాలేదు. ప్రతిభకు అర్థమైనట్టుంది, తీగలన్నీ కనబడేటట్టు నవ్వుతోంది.)

డాక్టరమ్మా, మీరే చెప్పేవారు కదా, క్లిప్పులు తీశాక పళ్ళను కదలకుండా పట్టి ఉంచే ప్లేటు పెట్టుకోకపోతే పళ్ళు మెల్లగా పాత చోటికే జరుగుతాయని. మీకు ప్లేటు వేసే మొనగాడు ఈ జిల్లాలో లేడు. కాబట్టి మీరూ మెల్లగా పాత చోటికే, మన ఆసుపత్రికే జరగండమ్మా.

వచ్చినవారందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు. నాకు మాత్రమే, మీకు కాదు.