దిండ్ల మాస్టారికి ఒక్క దిండు చాలు

పంతొమ్మిది వందల తొంభై రెండో సంవత్సరం, జూన్ పదిహేనవ తేదీ ఉదయం ఎనిమిది గంటలకు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, చేతిలో నియామక పత్రంతో ఒక పాతికేళ్ల యువకుడు మన ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో సహాయ సాంకేతిక నిపుణుడిగా బాధ్యతలు స్వీకరించారు. లోపల రెండు యంత్రాలు, మూడు మంచాలు, గోడవారగా ఒక తూకం యంత్రం ఉండేవి. మొదటి రోజు ఆయనకు అప్పగించిన పని రోగులను తూచడం. అంత చదువు చదివి వస్తే బస్తాలు తూచే పని ఇచ్చారేమిటా అని ఆయన లోలోపల చిన్నబుచ్చుకున్నారట. ముప్పై రెండేళ్ల తర్వాత, ఇరవై యంత్రాల విభాగానికి అధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ మహనీయుడు, మనమంతా మాస్టారూ అని పిలుచుకునే ఆయన, ఈనాటికీ ఆ తూకం యంత్రాన్ని మరొకరి చేతికి ఇవ్వరు.

తొలి పదేళ్లలో ఆయన నేర్చుకున్న విద్య బయటివారికి చిన్నదిగా కనిపించవచ్చు. మూత్రపిండాలు పనిచేయని మనిషి ఒంట్లో నీరు నిలిచిపోతుంది. యంత్రం ఆ నీటిని తీసివేయాలి. అదనపు నీరు లేనప్పుడు ఆ మనిషి ఎంత బరువుండాలో, మన విభాగంలో డ్రై వెయిట్ అని పిలుచుకునే ఆ అంకెను వైద్యులు నిర్ణయిస్తారు. నీరు ఎక్కువ మిగిలితే గుండె మోయలేదు, ఒక్కసారిగా లాగేస్తే రక్తపోటు పడిపోయి గుండె తట్టుకోలేదు. "అందరూ కిడ్నీ కిడ్నీ అని భయపడతారమ్మా. పాపం, ఆ పక్కన చడీచప్పుడు లేకుండా చాకిరీ అంతా చేసేది గుండె. ఉప్పు తగ్గించి దాని మీద కాస్త జాలి చూపండి" అని రోగుల ఇంటివారికి ఆయన చెప్పే మాటలు మన గోడలకు కూడా కంఠతా వచ్చి ఉంటాయి. గట్టిపడే రక్తనాళాల గురించి, మానకూడని రక్తపోటు మాత్రల గురించి, రోజూ నడవాల్సిన నడక గురించి ఆయన విసుగన్నది లేకుండా బోధించారు. విన్నవారు విన్నారు, విననివారికి మర్నాడు మళ్లీ చెప్పారు.

రెండువేల పదకొండులో విభాగాధిపతిగా పదోన్నతి పొందారు. ఆ పదోన్నతి పొందిన రెండేళ్లకు జరిగిన సంఘటనను ప్రస్తావించకుండా ఆయన జీవితాన్ని వివరించడం సాధ్యం కాదు. అది ఆయన చేసిన పొరపాటు. దానిని దాచవద్దని, అభినందన వ్యాసమని చెప్పి తన తప్పులకు సున్నం కొట్టవద్దని ఆయనే స్వయంగా కోరారు.

ఆ రోజుల్లో మన దగ్గరికి వారానికి మూడుసార్లు ఒక దర్జీ వచ్చేవారు. ఆయనకూ మాస్టారికీ మొదటి వారంలోనే 'బావా' అంటే 'బావా' అనుకునేంత చనువు కుదిరింది. దర్జీ గారి డ్రై వెయిట్ యాభై ఎనిమిది కిలోలు. ప్రతిసారీ సరిగ్గా యాభై ఎనిమిదికి దించి పంపేవారు మాస్టారు; గీత దాటకుండా దించుతున్నందుకు కొంచెం గర్వపడేవారు కూడా. రక్తపోటు మాత్రం తగ్గేది కాదు. మాత్రలు సరిగా వేసుకోవడం లేదని బావగారిని నాలుగు నెలలపాటు కోప్పడ్డారు.

ఒక మధ్యాహ్నం తూకం యంత్రం మీద నిలబడ్డ దర్జీ గారి మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు కనిపించింది.

"ఏం బావా, ఊరందరికీ అతికినట్టు కుట్టి నీ చొక్కా మాత్రం గోనెసంచిలా కుట్టుకున్నావేంటి?" అన్నారు మాస్టారు.

"నా చేతికి పేరు పెట్టకు బావా. ఇది మొన్నటిదాకా ఒంటికి పట్టినట్టుండేది. మెడ సన్నబడింది, భుజాలు జారాయి. నాలుగు నెలలుగా అన్నం సయించడం లేదు."

"మరి బరువు తగ్గలేదే?"

"అదే నాకూ అంతు పట్టట్లేదు. ఒంట్లో కండ పోయింది, నీ ముల్లు మాత్రం అక్కడే ఉంది."

మాస్టారి నవ్వు ఆగిపోయింది. "నిద్ర పడుతోందా?"

"పడుతుంది. మూడు దిండ్లు పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు కూర్చుంటే పడుతుంది. పడుకుంటే ఊపిరాడదు."

పోయిన కండ స్థానంలో నీరు చేరింది; పడుకుంటే ఊపిరికి అడ్డుపడుతున్నది ఆ నీరే. తూకంలో తేడా లేదు గనుక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. వైద్యులు వెంటనే గుండెకు స్కానింగ్ చేయించగా, నాలుగు నెలలుగా ఆ అదనపు భారం మోసి మోసి గుండె కండరం మందమై, గుండె లోపలి గది ఉబ్బి ఉన్నట్లు తేలింది. ఆ తర్వాత ఆరు వారాలు మాస్టారు కంటి మీద కునుకు లేకుండా గడిపారు. తొందరపడితే గుండెకే దెబ్బ. అందుకని వైద్యుల సూచన మేరకు వారానికి కొంచెం కొంచెంగా దించుకుంటూ బావగారిని యాభై నాలుగు కిలోలకు తెచ్చారు. ఆ ఆరు వారాల్లో ఆయన బావగారిని ఒక్కసారి కూడా కోప్పడలేదని పెద్ద సిస్టరు గారు ఇప్పటికీ చెబుతుంటారు. ఏడో వారం దర్జీ గారు గుమ్మంలోంచే "బావా, ఇవాళ ఒక్క దిండే!" అని కేకేశారు. మాస్టారు యంత్రాలకు నీరు శుద్ధిచేసే గదిలోకి వెళ్లి, అక్కడేదో పని ఉన్నట్టు చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు రోగుల రిజిస్టరులో బరువు గడి పక్కన స్కేలు పెట్టి పెన్సిలుతో ఇంకొక గడి గీశారు. దాని పేరు 'దిండ్లు'. అప్పటినుంచి మన విభాగంలో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ తూకం కంటే ముందు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని దిండ్లు?" కొత్తవారు పరుపుల దుకాణానికి వచ్చామా అని బిత్తరపోయేవారు, మనం నవ్వుకునేవాళ్లం. ఆ విధంగా ఆయన దిండ్ల మాస్టారయ్యారు. ఎందరివో గుండెలు బరువెక్కుతున్న సంగతిని ఆ గడే ముందుగా పట్టి ఇచ్చింది.

ఇంతటి జాగరూకులు తమ విషయంలో ఎంత నిర్లక్ష్యం వహించగలరో చెప్పకపోతే ఈ వ్యాసం కేవలం పొగడ్త అవుతుంది. గత మాసంలో, వీడ్కోలు సభకు ఆయనకు కొత్త దుస్తులు కుట్టించాలని సహోద్యోగులందరం నిశ్చయించాం. కుట్టేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. పదకొండేళ్లుగా మన మంచాల మధ్య తిరుగుతూ, అందరికీ మామయ్యగా మారిన ఆ దర్జీ గారు తన డయాలసిస్ ముగిశాక టేపు తీసి మెడ కొలిచారు, ఛాతీ కొలిచారు, ప్యాంటు పొడవు కోసం నేల మీద కూర్చున్నారు. అక్కడ ఆగిపోయారు. మాస్టారి మేజోడు అంచు చీలమండ మీద గాడిలా దిగి ఉంది. మాస్టారు తనకు నేర్పిన విధంగానే దర్జీ గారు బొటనవేలితో అదిమి చూశారు. గుంట పడింది, పూడలేదు.

"ఎన్ని దిండ్లు బావా?" అన్నారాయన, తలెత్తకుండానే.

"నాకేంటయ్యా, దుక్కలా ఉన్నాను. ముందు కొలత రాసుకో."

"నేను అడిగింది కొలతే."

మాస్టారు వంగి మేజోడు పైకి లాక్కున్నారు. చివరికి "రెండు" అన్నారు, ఎవరికీ వినబడకూడదన్నంత చిన్నగా. పెద్ద సిస్టరు గారికి వినబడింది. ఆమె మరో మాట మాట్లాడకుండా ఆయన్ని నాలుగో నంబరు మంచం మీద కూర్చోబెట్టి రక్తపోటు చూశారు. నూట ఎనభై మీద నూట పది. అందరికీ మాత్రలు మానవద్దని చెప్పిన మాస్టారు, రిటైరయ్యాక తీరిగ్గా చూసుకుందామని తన రక్తపోటు మాత్రలు ఏడాదిగా మానేశారు.

పరీక్షల్లో మూత్రపిండాల పని కొంత మందగించినట్టు, గుండె కండరం మందమవడం అప్పుడే మొదలైనట్టు తెలిసింది. కబురందుకుని వచ్చిన ఆయన శ్రీమతి మంచం పక్కన నిలబడ్డారు.

"మెడ నొప్పి అని చెప్పి రెండో దిండు తెప్పించుకున్నారు కదండీ," అన్నారావిడ. "ఊరందరి దిండ్లూ తెలిసిన మనిషి, మన మంచం మీది దిండు సంగతి నా దగ్గర దాస్తారా?"

"నువ్వు కంగారుపడతావని..."

"కంగారుపడే హక్కు కూడా నాకు లేదా?"

మాస్టారు తల దించుకున్నారు. ఆ రోజు అక్కడున్న మనలో ఎవరమూ ఆయన ముఖంలోకి చూడలేకపోయాం. ఆయన ఇంత ఒంటరిగా భయపడుతుంటే రోజూ ఎదురుగా ఉన్న మనకు తెలియనందుకు సిగ్గుపడ్డాం. సమయానికి పట్టుకున్నామని, మాత్రలు, ఉప్పు, నడక క్రమం తప్పకపోతే ఆ మంచం మీద రోగిగా పడుకునే అవసరాన్ని చాలాకాలం దూరంగా ఉంచవచ్చని వైద్యులు ధైర్యం చెప్పారు. మాస్టారు ఏళ్లుగా ఇతరులకు చెప్పిన మాటలే అవి; ఈసారి బుద్ధిగా విన్నారు.

ఆ వారమే రిజిస్టరులో చివరి వరుస కింద దర్జీ గారు పెన్సిలుతో మరొక వరుస గీసి, 'బావ' అని రాశారు. ప్రతి సోమవారం మాస్టారి శ్రీమతి ఫోను చేసి చెబితే, పెద్ద సిస్టరు గారు ఆ గడి నింపుతారు. మొదటి సోమవారం రెండు, రెండో సోమవారం రెండు. మూడో సోమవారం ఆవిడ ఫోనులో "ఒకటే అమ్మా, నేనే పక్క దులిపి చూశాను" అన్నారు. పెద్ద సిస్టరు గారు ఆ అంకె వేసి, రిజిస్టరు ఎత్తి అందరికీ చూపించారు. యంత్రాలకు కట్టిపడేసి ఉన్న రోగులు ఖాళీగా ఉన్న చేత్తో మంచం పట్టీల మీద దరువు వేశారు.

మాస్టారూ, వచ్చే నెల నుంచి మీ కుర్చీ మరొకరిది. తూకం యంత్రం కూడా, మీకెంత బాధ కలిగినా, మరొకరిదే. మీ వరుసను మాత్రం మేము కొట్టివేయం. ఇంకా ఎన్నో వందల సోమవారాలు మీ ఇంటినుంచి ఆ ఫోను రావాలని, మీ శ్రీమతి పక్క దులిపిన ప్రతిసారీ అక్కడ ఒక్క దిండే కనిపించాలని, ఆ రిజిస్టరు నిండి కొత్తది కొన్న నాడు కూడా మొదటి పేజీలో మీ పేరెదుట ఒకటి అనే వేయగలగాలని మనసారా కోరుకుంటున్నాం.