నవలల నీలమ్మ కోసం ప్రార్థన

"అవ్వా, ఫోన్ల రికార్డు వెట్టిన. గా నీలమ్మ ముచ్చట మొదటికెల్లి చెప్పు."

అయ్యో, ఎన్నిసార్లు చెప్పిస్తవే! ఆగు, చెప్పకముందే నవ్వొస్తాంది నాకు. ఆఁ, ఇగ చెప్త.

నాకు సదువు ఎక్కడిది బిడ్డా? షామీర్‌పేట తోటలల్ల ద్రాక్షగుత్తులు కోసిన చేతులివి. అరవై దాటినంక, బైబిల్ సదువాల్నని, ఆదివారం బడిల సిన్న పిల్లల పక్కన కూసోని అక్షరాలు నేర్చుకున్న. మీ తాత అప్పటికే పోయిండు... లే లే, ఉన్నడు, ఆయనే గద నవ్విండు, "ముసల్దానికి సోకులు ఎక్కువైనయ్" అని. బైబిల్ తప్ప ఇంకో బుక్కు ముట్టలే నేను. నువ్వే తెస్తివి గా నవల, కండ్లకోయ కాలేజిల నీ దోస్తు ఇచ్చిందని.

అండ్ల నీలమ్మ అని ఒక పిల్ల. మస్తు మంచిది. మొగడేమో తల్లి మాట ఇని, జరంతోని కాలిపోతున్న పిల్లను, ఒళ్లె పసిగుడ్డుతోని, వానల బయటికి నూకి తలుపేసిండు! గక్కడికి సదివిన్నో లేదో, పొయ్యి మీద అన్నం మాడి వాసనొచ్చింది. బుక్కు పక్కన వడేసి ఉరికిన. ఇగ మనసు మనసుల లేదు నాకు.

తెల్లారి ఆదివారం. చర్చిల పాస్టరయ్య అడిగిండు, "ఎవలికన్న ప్రార్థన చెయ్యాల్నా?" అని. నేను లేసిన. ఎందుకు లేసిన్నో నాకే తెల్వదు.

"అయ్యగారూ, నీలమ్మ అని ఒక పిల్ల, మస్తు జరమున్నది, మొగడు వానల బయటికి నూకిండు, సంకల పసిగుడ్డు" అన్న.

అందరు మోకాళ్ల మీద వడ్డరు. మా వదినె మరియమ్మ లేదా, ఎనభై ఏండ్లది, గామె అయితే వెక్కివెక్కి ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన. నిజంగ ఏడ్సిన, నీ మీద ఒట్టు.

ప్రార్థన అయినంక అయ్యగారు నా దగ్గరికి ఉరికొచ్చిండు. "ఏ ఊరమ్మా ఆ పిల్లది? కీసరనా? పాండ్రి, దుప్పట్లు, బియ్యం వట్టుకోని పోదాం." బయట ఎవలో ఆటో గూడ స్టార్ట్ జేసిండ్రు!

"అయ్యగారూ... గా పిల్ల... బుక్కుల ఉన్నది."

"ఏ బుక్కుల?"

"నవలల."

నా పానం వోయింది. చర్చిల అబద్ధమాడినట్టాయె, ఇంకోసారి గీ గడప ఎట్ల తొక్కుత అనుకున్న. అయ్యగారు నా మొకం జూసిండు, జూసిండు... మెల్లగ అడిగిండు, "మరి తర్వాత ఏమైందమ్మా?"

"నేనింక సదువలే!"

"సదువకుంటనే వస్తివా!" అని అందరు నా మీదికే లేసిండ్రు. నువ్వు ఇంటికి ఉరికి బుక్కు తెస్తివి, యాదికున్నదా? చర్చి ముంగట రేకుల కింద కూసోని, వేలు వెట్టుకుంట సదివిన. ఒక్కలు అన్నానికి లేవలే. నీలమ్మను గాజులమ్మే ముసలామె ఇంట్లకు తీస్కున్నది, జరం తగ్గింది. కొన్నేండ్లకు మొగడొచ్చి తలుపు కొట్టిండు. "తియ్యకే!" అని అందరు ఒర్రిండ్రు. తియ్యలే బిడ్డా, తియ్యలే!

మరియమ్మ చేతులెత్తింది. "స్తోత్రం! సూసిండ్రా, మన ప్రార్థన ఇన్నడు దేవుడు!" అయ్యగారు ఏదో అనవోయిండు. గా బుక్కు అచ్చయి ఎన్నేండ్లాయెనో. తల గీక్కోని, "ఆమెన్" అన్నడు.

ఇప్పుడు సదివేది నవల గాదు, ఒక కూలామె తన బతుకు తనే రాసుకున్నది. జామతోటల పండ్లు తెంపుతుంటే తోట మాలక్ పాటలు పాడుమనేటోడంట, పాట ఆగితే పండ్లు తింటున్నరని. ఓ దేవుడా, మా ద్రాక్షతోటల గదే గద! పొట్ట వట్టుకోని నవ్విన. నవ్వుతుంటేనే కండ్లల్ల నీళ్లు. మా అసోంటోళ్ల బతుకు గూడ బుక్కులకు ఎక్కుతదని ఎవలనుకున్నరే? గని ఒక్కటి మాత్రం రాయలే ఆమె. పండు బుగ్గల వెట్టుకోని గూడ పాట పాడొచ్చు! మాలక్ సదువుతడని భయపడ్డదో ఏమో.

నువ్వు సల్లగుండు బిడ్డా. నా అంత ముసల్దానివైనంక గూడ కండ్లద్దాలు లేకుంట సదువాలె నువ్వు, గిట్లనే పకపక నవ్వాలె... ఇగ ఫోన్ బంద్ వెట్టు. సదువుకుంట గా కూలామె పెండ్లి కాడికొచ్చిన... కాదు, పెండ్లి అయిపోయింది, బిడ్డ పుట్టే కాడ... ఏ పేజీల ఉన్ననే నేను...