సగం మీసం మీద ఫిర్యాదు

మారణాయుధమా! అయ్యా, అది గడ్డం గీసే కత్తి. ముప్పై రెండేళ్ళుగా ఈ పేటలో సగం మంది గడ్డాలు దాంతోనే గీశాను. మీరు ఈ స్టేషన్‌కి బదిలీ మీద వచ్చిన మొదటి వారం, గుర్తు చేసుకోండి, మీ గడ్డమూ దాంతోనే గీశాను. అప్పుడు మారణాయుధం కాలేదే!

ఎవరు రాశారండీ అది? మా వియ్యంకుడేనా? ఆయనే, తెలుస్తూనే ఉంది. "సదరు నిందితుడు" అట! మొన్నటిదాకా "బావగారూ, బావగారూ" అంటూ మా ఇంట్లో అడిగి మరీ మారు వడ్డించుకున్న మనిషి. పోస్టాఫీసులో ముద్రలు కొట్టీ కొట్టీ ఆయన నోట్లోంచి మాట కూడా ముద్ర కొట్టినట్టే వస్తుంది.

వద్దండీ, కూర్చోను. నిలబడి పని చేసేవాణ్ణి, నిలబడే చెప్తాను.

గాయం ఎక్కడో చూపించమనండి. ఉండదు. నా చేతి కింద రక్తం చూసినవాడు లేడు. పోయిందల్లా మీసం. అదీ సగమే. ఎడమవైపుది.

అదిగో, నవ్వుతున్నారు! యూనిఫాంలో ఉండి నవ్వకూడదండీ. బయట బెంచీ మీద మొహానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు చూడండి. ఆ మిగిలిన సగం కూడా తీయించేసుకుంటే మనిషిలా తిరగొచ్చు కదా? తీయించుకోడట. "ఇది సాక్ష్యం, ముట్టుకోవద్దు" అంటాడట. నాలుగు రోజులుగా ఆ సాక్ష్యానికి పొద్దునా సాయంత్రమూ నూనె రాసి దువ్వుతున్నాడట. మా అమ్మాయే చెప్పింది. ఆ ఇంటి కోడలు కదా మరి, చూడక తప్పుతుందా?

మొదటినుంచీ చెప్పమంటారా? చెప్తాను.

నా షాపు గోడ మీద ఆరు నియమాలు ఉంటాయి. మీరూ చదివే ఉంటారు. పొగ తాగరాదు, ఉమ్మరాదు, వరుస తప్పరాదు... చివరిది, తల వెంట్రుకలు రాలిపోతే నన్ను నిందించరాదు. నేను పొగ తాగను, అబద్ధం ఆడను, ఆరు గంటలకి షాపు తీస్తానంటే ఆరింటికే తీస్తాను. అందుకని నియమాలు రాసే హక్కు నాకుందనుకున్నాను.

గోడ మీద రాయనిది ఇంకొకటి ఉంది. అది మా నాన్న చెప్పింది. "ఒరేయ్, మెడకి గుడ్డ కట్టాక ఆ మనిషి నీ రక్షణలో ఉన్నట్టు. శత్రువైనా సరే. తగాదా ఉంటే గుడ్డ విప్పాక పడు." ఎందుకంటారా? ఆ కుర్చీలో మనిషికి చేతులు గుడ్డ లోపల, తల వెనక్కి, గొంతు పైకి. కదలలేడు కదండీ!

ఆ పొద్దున మా వియ్యంకుడు అలాగే ఉన్నాడు. కుడి చెంప అయింది, ఎడమ చెంప మీద నురుగు. టీవీలో వార్తలు వస్తున్నాయి. ఎక్కడో యుద్ధం. బాంబు పడి ఆస్పత్రి కూలింది. నడిరోడ్డు మీద ఒక మంచం, దాని మీద ఒకాయన, కాలికి పిండికట్టు, పైకి వేలాడగట్టిన తాడు అలాగే ఉంది. చుట్టూ గోడ లేదు, పైన కప్పు లేదు. ఆయన మాత్రం పడుకునే ఉన్నాడు. లేవలేడు కదా!

మా వియ్యంకుడు అద్దంలోంచి అది చూసి ఏమన్నాడో తెలుసా? "యుద్ధమన్నాక ఆస్పత్రులూ పోతాయి బావగారూ. అసలు వాళ్ళనక్కడ ఎవరు పడుకోమన్నారు?"

ఎవరు పడుకోమన్నారా!

అయ్యా, నేను ప్రతి మంగళవారం పెద్దాస్పత్రికి వెళ్తాను. ఆపరేషన్లకి ముందు రోగులకి గీయడం నా పనే. డాక్టర్ని అడగడానికి భయపడి నన్ను అడుగుతారు, "నొప్పి పుడుతుందా?" అని. నాకేం తెలుసు? "పుట్టదమ్మా" అంటాను. అబద్ధం ఆడనన్నాను కదా... అది ఒక్కటి ఆడతాను. ఒక ముసలాయన నా మణికట్టు పట్టుకుని, ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేదాకా వదల్లేదు. వాళ్ళనా, ఎవరు పడుకోమన్నారని అడగడం?

షాపులో బెంచీ మీద ప్లీడరు గారు ఉన్నాడు. ఆయనే చెప్పాడు, "దానికి చట్టం ఉందయ్యా, దేశాలన్నీ సంతకాలు పెట్టాయి" అని. ఆస్పత్రి మీద బాంబు వేయకూడదట. రోగిని, డాక్టరుని, లొంగిపోయిన సైనికుణ్ణి కూడా ముట్టుకోకూడదట. "మరి తప్పితే?" అన్నాను. "కోర్టు ఉంది. తీర్పులూ వస్తాయి. పట్టుకొచ్చే పోలీసే లేడు" అన్నాడు.

మా వియ్యంకుడు నురుగు ఎగిరేలా నవ్వాడు. "అయితే ఆ చట్టాన్ని మీ సెలూన్లో అమలు చేస్తారా ఏంటి బావగారూ?"

"ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా బావగారూ!" అన్నాను. కత్తి మడిచాను. "ఆ మాట వెనక్కి తీసుకోండి."

"ముందు గీయవయ్యా!" అన్నాడు. అంత వరకూ 'మీరు' అన్న మనిషి!

గొడవ ముదిరేసరికి ప్లీడరు గారు కోర్టుకి టైమైందంటూ లేచి వెళ్ళిపోయాడు. చట్టం ఎంత బాగా చెప్పాడో అంత తొందరగా వెళ్ళాడు. షాపులో మేమిద్దరమే మిగిలాం.

తర్వాత... తర్వాత మీసం పోయింది. ఆయన వెళ్ళాక గోడ మీద ఏడో నియమం రాశాను. "ఆస్పత్రుల మీద బాంబులు వేయడం న్యాయమే అనేవారికి ఇక్కడ గడ్డం గీయబడదు." అదీ ఫిర్యాదులో ఉందా? ఉంటుంది, ఉంటుంది.

ఇంట్లోనా? మా ఆవిడ నాతో సంబంధాలు తెంచుకుందండీ. కంచం ఒక వేలితో నా వైపు తోస్తుంది. అంతే. ఉప్పు కావాలంటే గోడకి చెప్పుకోవాలి.

దానికి నేను భయపడను. నిన్న మా అమ్మాయి షాపుకి వచ్చింది. గడపలోనే నిలబడింది. "నాన్నా, మీలో ఎవరిది తప్పో నాకు చెప్పొద్దు. ఆ ఇంట్లో మూడు రోజులుగా నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నేనేం చేశాను? నేనెక్కడికి పోను?" అంది.

టీవీలో మంచం మీదున్నాయన కూడా అలాగే చూశాడండీ.

ఏమిటది? రాజీ కాగితమా? ఇవ్వండి. "పనిలో పొరపాటున చెయ్యి జారినందున..." బాగుంది. మీరు మంచివారు. నేను సంతకం పెడతాను, ఆయన పెడతాడు, మా అమ్మాయికి ఆ ఇంట్లో మళ్ళీ నోళ్ళు తెరుచుకుంటాయి. పెట్టేస్తే అయిపోతుంది.

చెయ్యి జారిందని...

అయ్యా, తలుపు కొంచెం దగ్గరికి వేస్తారా?

చెయ్యి జారలేదండీ.

ప్లీడరు వెళ్ళాక కత్తి మళ్ళీ తెరిచాను. మా వియ్యంకుడు దాన్ని చూశాడు. "సరే బావగారూ, తప్పే. ఆస్పత్రుల మీద వేయకూడదు" అన్నాడు. చిన్న గొంతుతో, రెండుసార్లు అన్నాడు.

అవునండీ. మాట వెనక్కి తీసుకున్నాడు. నేను గెలిచాను. గెలిచాక, అప్పుడు తీశాను మీసం.

ఎందుకంటే ఏం చెప్పను? కత్తి నా చేతిలో ఉంది. ఆయన కదలలేడు. న్యాయం నా వైపుంది. ఆ మూడూ ఒకేసారి కలిస్తే, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఎంత బాగుంటుందో! ఒక్క గీత. చెయ్యి వణకనైనా లేదు.

ఫిర్యాదులో అది లేదు కదూ? ఉండదు. భయపడి ఒప్పుకున్నానని ఆ మనిషి చచ్చినా రాయడు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మీకు తెలిసినట్టు ఆయన దగ్గర అనకండి. మీసం ఎలాగూ సగం పోయింది, మిగతా పరువైనా ఉండనివ్వండి.

బయటికెళ్ళి క్షమాపణ అడుగుతాను. ఏడో నియమం ఉంటుంది. దాని కింద మా నాన్న చెప్పింది కూడా రాస్తాను, ఎనిమిదోదిగా. అది నా కోసం.

ఈ రాజీ కాగితం మాత్రం చించేయండి. లొంగిపోయినవాడి మీద చెయ్యి చేసుకున్నానని రాయండి. ఆస్పత్రులు కూల్చే పెద్దవాళ్ళని పట్టుకొచ్చే పోలీసు లేడన్నాడు ప్లీడరు. నేను మీ ఎదురుగానే నిలబడ్డానుగా!

ఏమిటి, రాయరూ?

ఓ, పెన్ను రాయడం లేదా. ఇదిగోండి, నాది తీసుకోండి.