నూట పద్నాలుగో బ్యాడ్జి

ప్రమాదం జరిగిన మూడో రోజు మధ్యాహ్నం. రియాక్టరుకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో కార్మికుల క్వార్టర్లు. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కిన వంటగదిలో అక్కా తమ్ముడూ. తమ్ముడి చేతిలో రేడియేషన్ కొలిచే మీటరు. ఆమె భర్త పక్క గదిలో పాపను జోకొడుతున్నాడు.

“అది కాదురా, ఎన్నేళ్ళ నుంచో నాకీ అనుమానం. అడిగితే నవ్వుతావని అడగలేదు. కంటికి కనపడదు, వాసన రాదు, చేతికి తగలదు. ఉందని నీకెలా తెలుసు?”

“రోజూ పొద్దున్నే కనపడనాయనకి దణ్ణం పెట్టుకునేదానివి, నువ్వా నన్నడిగేది అక్కా?”

“వేళాకోళాలొద్దు. ఆయన ఉన్నాడని నాకు తెలుసు.”

“ఎలా తెలుసు?”

“నమ్ముతాను కాబట్టి.”

“ఇది నమ్మకపోయినా ఉంటుంది. అంతే తేడా.”

“సరేలే. ఆ పెట్టె ఏమంటోంది? గోడ మీద బల్లిలా ఒకటే టిక్కు టిక్కు.”

“నిమిషానికి పదిహేను. ప్రమాదానికి ముందు కూడా ఇక్కడ ఇంతే. గాలి అటువైపు కొట్టింది కాబట్టి ఈ క్వార్టర్లవాళ్ళు బతికిపోయారు.”

“నీళ్ళు?”

“నీళ్ళ దగ్గరా అంతే. పాలడబ్బా, బియ్యం, కిటికీ చట్రం... ఇదిగో, పదహారు.”

“పదహారా! పెరిగిందే!”

“వానచినుకులు లెక్కపెట్టినట్టు అక్కా. ఒక నిమిషంలో పదిహేను పడతాయి, ఇంకో నిమిషంలో పద్దెనిమిది. ఒక్క అంకె చూసి గుండెలు బాదుకోకూడదు.”

“అంకె చూసి కాదురా, నీ మొహం చూసి బాదుకుంటున్నా. కళ్ళు పీక్కుపోయాయి. ఇల్లు బాగానే ఉంటే నీకెందుకా మొహం?”

“ఇంటి గురించి కాదులే. ల్యాబులో ఒక గొడవ.”

“ఏం గొడవ?”

“వద్దు. నీకెందుకు.”

“చెప్తావా, మీటరు లాక్కోనా?”

“లోపలికి వెళ్ళేటప్పుడు జేబుకి బ్యాడ్జి పెట్టుకుంటారు కదా, బావకీ ఉంది. మనిషికి ఎంత మోతాదు తగిలిందో అది దాచుకుంటుంది. దాన్ని మిషన్లో పెట్టి చదవడం నా పని. ఈ మూడు రోజుల్లో ఆరొందలు చదివాను. మనిషికి ఏడాదంతా కలిపి ఇరవై మిల్లీసీవర్టులు దాటకూడదు. నూట పద్నాలుగో నంబరుకి వెయ్యీ రెండొందలు వచ్చింది.”

“దేవుడా! ఎవరిదది?”

“నిచ్చెనది.”

“మీ బావ స్నేహితుడు, ఆ పొడుగన్నయ్యదా? అయ్యో! ఇద్దరు పిల్లలురా ఆయనకి. ఎలా ఉన్నాడు?”

“అదే గొడవ. గుండ్రాయిలా ఉన్నాడు. ఇంటికి వెళ్ళి తల నుంచి కాలి దాకా కొలిచాను, పదిహేను. రక్తం పరీక్ష చేశారు, వంక లేదు. ‘ఆ రోజు నేను పంపు గదిలోనే ఉన్నాను’ అంటాడు గానీ నా కళ్ళల్లోకి చూడడు. ఆ గదిలో ఉన్న మిగతా ఇద్దరూ ఆసుపత్రిలో వాంతులాగక చస్తున్నారు. ఈయనేమో గుమ్మంలో కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు.”

“అయితే నీ మిషనే తప్పు.”

“మా పై ఆఫీసరూ అదే అన్నాడు. ‘మిషను దోషం, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు’ అని రాసి సంతకం పెట్టమన్నాడు.”

“పెట్టావా?”

“దానికి ముందు చదివినవి సరిగ్గానే ఉన్నాయి. తర్వాతవీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఒక్కదానికే మిషనుకి పిచ్చెక్కుతుందా?”

“పెట్టావా అంటున్నా.”

“పెట్టానక్కా. నిన్న సాయంత్రం. అప్పట్నుంచి కళ్ళు మూతపడట్లేదు.”

“ఏవండీ! విన్నారా? మీ నిచ్చెన బ్యాడ్జి వెయ్యీ రెండొందలట!”

“విన్నా.”

“మరి బెల్లం కొట్టిన రాయిలా ఉన్నారేం?”

“విన్నానన్నానుగా. అరవకు, పాప లేస్తుంది.”

“బావా, పనిలో పని ఆ గది కూడా కొలిచేస్తా.”

“ఇక్కడేముందిరా, గోడలేగా.”

“గోడలే కొలుస్తా. నువ్వు లేవక్కర్లేదు.”

“వద్దులే. ఇప్పుడే కునుకు పట్టింది దానికి. నీ టిక్కుటిక్కులకి లేచి కూర్చుంటుంది.”

“శబ్దం ఆపేస్తా. నాకు అంకె చాలు.”

“రేపు చూద్దువుగాని.”

“రేపు పై అంతస్తు వాళ్ళకి మాటిచ్చాను. ఒక్క నిమిషం బావా... ఇదేంటి?”

“ఏంట్రా? గుమ్మంలోనే ఆగిపోయావేం?”

“ఏం లేదక్కా.”

“అంకె చెప్పు.”

“తొంభై.”

“పదిహేనన్నావుగా!”

“ఆ కిటికీ తెరిచారా ఎవరైనా? లేదు, గుడ్డలు కుక్కే ఉన్నాయి. మంచం దగ్గర... రెండొందల పది.”

“పాపనిటివ్వండి! లేవండి మీరు, పాపనిటివ్వండి!”

“ఇస్తున్నా, ఇస్తున్నా. మెల్లిగా, మెడ జాగ్రత్త.”

“అక్కా, వంటింట్లోకి తీసుకురా దాన్ని. గౌను విప్పి అక్కడ పడెయ్. ఆ గౌను ఇక ముట్టుకోకు. ఇప్పుడు నన్ను కొలవనీ.”

“చూడరా, తొందరగా చూడు!”

“నిమిషమంటే నిమిషమే. మాట్లాడకు, లెక్కపెడుతున్నా.”

“స్వామీ, నీకు పుణ్యముంటుంది, నా తండ్రీ...”

“అక్కా.”

“నీకు కాదు చెప్పేది, నువ్వు లెక్కపెట్టుకో... ఎంత? ఒరే, ఎంతరా!”

“గౌను మీద నలభై. ఒంటి మీద పదిహేడు. మెడ దగ్గర పదహారు. పాప బాగుందక్కా. గోరువెచ్చటి నీళ్ళు పోస్తే చాలు.”

“ఒట్టు?”

“నీ మీద ఒట్టు.”

“నా మీద ఎందుకు, దాని మీద పెట్టు.”

“దాని మీదే ఒట్టు. పదహారు.”

“హమ్మయ్య. మరి ఆ గదిలో ఎక్కడుందది? పరుపులోనా? మొత్తం పట్టుకెళ్ళి తగలేస్తా.”

“తగలేస్తే పొగతో పాటు ఊరంతా తిరుగుతుంది. ఉండు, చూస్తున్నా. బావా, నువ్వు కాస్త బయటికెళ్ళి మెట్ల మీద నిలబడు.”

“ఎందుకు?”

“తలుపు దగ్గరికి వేసుకో.”

“ఎందుకురా అంటే...”

“వెళ్ళు బావా.”

“వెళ్ళారు. ఇప్పుడు చెప్పు.”

“పరుపు మీద ముప్ఫై. గోడ పదిహేను. కిటికీ పదిహేను. ఇందాక రెండొందల పది వచ్చిన చోటే పెట్టా, చూడు.”

“తగ్గిపోయింది! మంచిదేగా?”

“మంచిది కాదక్కా.”

“తగ్గితే మంచిది కాదేంట్రా?”

“తగ్గలేదది. లేచి నడుచుకుంటూ బయటికి వెళ్ళింది.”

“ఏం మాటలురా అవి... ఏవండీ. ఏవండీ, లోపలికి రండి.”

“రాను. పాప ఉంది.”

“రాను అంటే? అంటే మీకు తెలుసా?”

“అక్కా, నువ్వు అక్కడే ఉండు. నేను చూస్తా. బావా, ఇటు తిరుగు. చేతులు చాపు. నలభై. తల వంచు... అరవై. తలంటుకున్నావా?”

“నాలుగుసార్లు.”

“ఆ రోజు బట్టలు?”

“డాబా మీద. సంచిలో కట్టేసి ఇటుక పెట్టాను.”

“గెడ్డం పైకెత్తు. మింగకు, అలాగే ఉండు.”

“ఎంత?”

“నాలుగొందల యాభై. నీళ్ళు పోసుకుంటే పోయేది కాదు బావా ఇది. పీల్చావు. గొంతులో కూర్చుంది.”

“మీటరు సరిగ్గా పట్టుకోరా! ఆయన ఆ రోజు డ్యూటీలోనే లేరు, వారం సెలవు! బండికి పంక్చరు వేయించుకొస్తానని పొద్దున్నే వెళ్ళారు. నేనే తలుపేసుకున్నాను.”

“టైరుకి చిల్లు ఇంకా అలాగే ఉందక్కా. వచ్చేటప్పుడు కింద చూశాను.”

“ఆ రాత్రి కక్కుకున్నారు. పొద్దుటి నుంచి ఖాళీ కడుపున టీలు తాగానన్నారు. మూడు రోజులుగా పాపని దగ్గరికి రానివ్వలేదు, జలుబన్నారు. ఇవాళ నేనే, నేనే బలవంతాన ఒళ్ళో పడేశాను, నువ్వొస్తున్నావు కదా టీ పెడదామని...”

“ఊరుకో. పాప బాగుంది. ఒట్టు పెట్టానుగా. బావా, నూట పద్నాలుగు ఎవరి జేబుకుంది ఆ రోజు?”

“నువ్వే కదా సంతకం పెట్టావు, మిషను దోషమని.”

“తప్పించుకోకు బావా.”

“నా జేబుకే.”

“నిచ్చెన ఎక్కడున్నాడు?”

“కంటాసుపత్రిలో. వాళ్ళమ్మకి ఆపరేషను. సెలవు అడిగితే కుదరదన్నారు.”

“గేటు దగ్గర ఎవరూ నిన్ను కొలవలేదా?”

“జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారురా. బ్యాడ్జి బుట్టలో పడేసి, కంచె పక్కనించి నడిచొచ్చేశాను. ఆగితే పేరడుగుతారు. ఏ పేరు చెప్పను?”

“ఇంకొకరి పేరు పెట్టుకుని పనికి వెళ్ళారా? నాతో అబద్ధమాడి?”

“చెప్తే దొంగ సంతకం పాపమంటావు.”

“పాపమే!”

“పాపమే. అందుకే చెప్పలేదు.”

“మీరిద్దరూ తర్వాత పోట్లాడుకోండి. బావా, నేను చెప్పేది విను. ఇంత తగిలినవాడికి మొదట రెండు రోజులు వాంతులు, తర్వాత ఏమీ ఉండదు. బాగయిపోయామనుకుంటారు. ఆ తర్వాత రక్తంలో బలం పడిపోతుంది. అప్పుడు చిన్న జలుబు చేసినా...”

“చేసినా?”

“ఆసుపత్రిలో ఉంటే కాపాడతారు.”

“ఇంట్లో ఉంటే?”

“అక్క ముందు వద్దు.”

“అడుగుతున్నది ఆయన కాదురా, నేను. ఇంట్లో ఉంటే?”

“ఉండనివ్వను అక్కా. ఇప్పుడే తీసుకెళ్తాను.”

“ఎలా తీసుకెళ్తావురా? ఏమని రాయిస్తావు? నేను ఆ రోజు సెలవులో ఉన్నాను. పేరు మార్చుకుని వెళ్ళానంటే నా ఉద్యోగం పోతుంది, వాడిదీ పోతుంది. నువ్వు సంతకం పెట్టావు, నీదీ పోతుంది. మూడు ఇళ్ళు.”

“నాది పోతే పోనీ. తప్పు సంతకం పెట్టానని రాసిస్తా.”

“వాడికి ఇద్దరు పిల్లలు.”

“వాళ్ళకి నాన్న ఉన్నాడు. గుమ్మంలో కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడట. మన పిల్లకో?”

“అలా అనకే.”

“అంటాను. మీకు భయం లేదా?”

“లేదా? రెండు రాత్రులు గొంతు మీద చెయ్యేసుకుని పడుకున్నాను. నొప్పి లేదు, మంట లేదు. ఏమీ లేదు. లేదనుకుంటే లేనట్టే ఉంది. నీలాగే దణ్ణం పెట్టుకున్నాను కూడా. ఏమని పెట్టుకోవాలో తెలియలేదు.”

“మరి నన్ను లేపాల్సింది.”

“లేపి ఏం చెప్పను?”

“ఇదే చెప్పాల్సింది. ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం.”

“బావా, లే. ముక్కుకీ నోటికీ ఈ గుడ్డ కట్టుకో. నా జీపులో వెనక కూర్చో.”

“నిచ్చెనకి ఒక మాట చెప్పి వెళ్దాం. వాడికి తెలియకుండా వాడి పేరు బయటపెట్టను.”

“దారిలోనే కదా ఇల్లు, చెప్దాం. తను చెప్పకపోతే నేనే చెప్తానని కూడా చెప్తాను.”

“ఆగండి. గుమ్మం దాటేముందు ఒక్క మాటకి జవాబు చెప్పి వెళ్ళండి.”

“ఇప్పుడేంటే?”

“వాళ్ళమ్మకి ఆపరేషను, సరే. సెలవివ్వలేదు, సరే. ప్లాంటులో వెయ్యి మంది ఉన్నారు. దీనికి మీరే ఎందుకు దొరికారు? నోరు తెరిచి కాదనలేకపోయారా?”

“కాదనడానికి లేదే.”

“ఎందుకు లేదు? అంత రుణపడిపోయారా ఆయనకి?”

“ఒక్క డ్యూటీ. ఏడేళ్ళ బాకీ. వాడు ఒక్కనాడూ అడగలేదు. మొన్నే మొదటిసారి అడిగాడు.”

“ఏ డ్యూటీ అది? నాకెప్పుడూ చెప్పలేదే?”

“నాకూ ఆ రోజు సెలవివ్వలేదు. వాడు నా బ్యాడ్జి పెట్టుకుని లోపలికి వెళ్ళబట్టే, మన పెళ్ళికి పెళ్ళికొడుకు వచ్చాడు.”