తిట్టడానికైనా వినాలి

మధ్యాహ్నం, చెల్లెలి జిరాక్స్ షాపు. చెల్లెలు పాటలు మోగుతున్న కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. అక్క ఆమె వెనకే స్టూలు మీద, సగం కుట్టిన స్కూలు యూనిఫారం ఒళ్ళో పెట్టుకుని, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని చెబుతోంది. కొడుకు తన పాటల జట్టుతో ఊరూరా తిరిగే వ్యాను ఎక్కకుండా ఆపడానికి ఆమెకు ఇంతకు మించిన దారి తోచలేదు.

“…రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడుతుంటే, కింద నలుగురు పంటినొప్పితో మూలుగుతున్నట్టుంది. రాశావా?”

“‘మూలుగుతున్నట్టుంది.’ రాశా. అక్కా, కన్నకొడుకు పాటల కింద ఇలా…”

“కన్నాను కాబట్టే. రాయి. ‘ఈ ఆల్బం కొన్నవాళ్ళకు చెవులున్నది వినడానికా, కళ్ళజోడు తగిలించుకోవడానికా?’”

“దీన్ని ఎవరూ కొనరే. ఊరికే ఫోన్లో వింటారు.”

“ఊరికే వస్తోందా? అయితే ‘ఊరికే ఇచ్చినా నష్టమే’ అని రాయి.”

“అబ్బ, ఇది బాగుంది.”

“బాగుండాలని రాయిస్తున్నానా? ఏ పేరు మీద పడుతోంది? నా పేరు రాదుగా?”

“రాదు. మొదట్నుంచీ ‘ముక్కుసూటి’ అనేగా పెట్టాం. ఎన్నిసార్లు అడుగుతావు?”

“వాడికి తెలిస్తే జన్మలో నా మొహం చూడడే.”

“తెలీదు. పిన్నీ అమ్మా కలిసి జిరాక్స్ షాపులో కూర్చుని ఇలాంటి పని చేస్తారని ఏ పిల్లాడు అనుకుంటాడు? ఇంతకీ బయల్దేరేది ఎప్పుడట?”

“వచ్చేవారం. జనం తెగ పొగుడుతున్నారట, అది చూసి ఊరూరా పిలుస్తున్నారట. వ్యాను మాట్లాడుకున్నారు. నలుగురూ, వాళ్ళ పెట్టెలూ. ఘాట్ రోడ్డు మీద. నడిపేదెవరో తెలుసా? ఆ డ్రమ్ములు కొట్టేవాడు.”

“లైసెన్సుందిగా వాడికి?”

“లైసెన్సుంటే? వీడియోలో చూడలా, డ్రమ్ములు కొట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు! తన్మయత్వమట. మలుపు దగ్గర తన్మయత్వం వస్తే?”

“స్టీరింగు పట్టుకుంటే రాదులే అది.”

“వాడి కళ్ళు, వాడి ఇష్టం. నీకెలా తెలుసు? పైగా ఆ పాటలకో పేరుందిగా. సైకె… సైకె…”

“సైకెడెలిక్.”

“ఆ. అదేంటో కనుక్కున్నా. మందుల షాపాయన్ని అడిగా.”

“మందుల షాపులో అడగడమేంటక్కా!”

“మందు పేరులా ఉంటే మందుల షాపులో కాక చెప్పుల షాపులో అడగనా? ఏదో మత్తుమందు వేసుకుంటే గోడలు కదులుతాయట, రంగులు పాడతాయట. ఆ తిక్కని పాటల్లో పెడితే ఇదట. చెబుతూ నా వంక ఎలా చూశాడో తెలుసా? నాకే కావాలేమో అన్నట్టు.”

“అది ఉట్టి పేరక్కా. మన చంటోడు టీ కూడా తాగడు.”

“ఇవాళ తాగడు. ఊరూరా తిరిగితే ఎవడో ఒకడు చేతిలో ఏదో ఒకటి పెడతాడు. వ్యానులో గోడలు కదిలితే ఎవడికి తెలుస్తుంది? ఎటూ కదులుతూనే ఉంటాయిగా!”

“నీ భయాలకి వ్యాను చాలదు, లారీ కావాలి.”

“నవ్వు. నవ్వు. మా బావగారు వాళ్ళ గోడౌన్లో సూపర్‌వైజరు పని వాడి కోసమే ఆపి ఉంచారు. నీడపట్టున కూర్చోవడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. ఆల్బం బాలేదని నలుగురూ అంటే పిలిచినవాళ్ళే మానుకుంటారు. వీడూ బుద్ధిగా వెళ్ళి ఆ పనిలో చేరతాడు. అంతేగా నేను కోరేది? రాయి. రెండో పాట…”

“ఆగు. ఎవరో వస్తున్నారు.”

“అమ్మా, ఇది రెండు కాపీలు కావాలి.”

“ఇటివ్వండి. రెండువైపులానా?”

“ఒకవైపు చాలు. ఏంటమ్మా ఆ మోత? మీ జిరాక్స్ మెషీన్ పోయినట్టుందే.”

“మెషీన్ కాదండీ, కంప్యూటర్లో ఏదో…”

“పోవడమేంటండీ? అది పాట. మీరు మధ్యలో వచ్చి విన్నారు. మొదట్నుంచీ వింటే కదా తెలిసేది!”

“అక్కా, నువ్వుండు. ఇదిగో సార్, మీ కాపీలు.”

“ఇది పాటా! మా వీధిలో బోరు వేసినప్పుడు కూడా ఇంత…”

“బోరు మోతకీ పాటకీ తేడా తెలియని చెవులతో పాటల గురించి మాట్లాడకండి. కాపీలొచ్చాయిగా, వెళ్ళండి.”

“పెద్దావిడవని ఊరుకుంటున్నా… వస్తానమ్మా.”

“అక్కా! ఉన్న ఒక్క గిరాకీనీ తగిలేస్తావా?”

“తీసింది రెండు కాపీలే గానీ అభిప్రాయం మాత్రం ఉంది వెధవకి.”

“నువ్వు పొద్దున్నుంచి రాయించింది కూడా అదేగా!”

“నేను అంటే వేరు. రాయి. రెండో పాట మొదలవగానే అయిపోతే బాగుండుననిపిస్తుంది. అయిపోయాక మళ్ళీ మొదలవుతుంది. ఇదేం మర్యాద?”

“రాశా. నీ పని సగం పేపరాయన చేసిపెట్టాడు, చూశావా? నిన్న సమీక్ష వచ్చింది. చదవనా?”

“చదివా. వాడి మొహం.”

“అదేంటే, తిట్టాడుగా! విను. ‘నలుగురు కుర్రాళ్ళని వాషింగ్ మెషీన్లో వేసి తిప్పినట్టుంది. పాడేవాడి గొంతు ఎక్కడా వినబడదు. ప్రయోగం పేరిట శ్రోత మీద పగ తీర్చుకున్నారు.’ మనకు కావలసింది ఇదేగా?”

“గొంతు ఎక్కడా వినబడదట! ఆరో పాట మొత్తం గొంతే. వాయిద్యం ముక్క లేదు అందులో. ఆ మహానుభావుడు మూడో పాట దాకా కూడా వచ్చి ఉండడు. పేరు చూశాడు, మొహం చిట్లించాడు, రాసి పారేశాడు.”

“నీకెందుకే? వినకపోతే మాత్రం తిట్టాడు కదా.”

“తిట్టనీ. విని తిట్టాలి. నేను తిడుతున్నానంటే మిషన్ తొక్కుతూ ఒక్కో పాటా పదేసిసార్లు విని తిడుతున్నా. కాలర్లు కుట్టేటప్పుడు ఒకటీ రెండూ, గుండీలు కుట్టేటప్పుడు మిగతావి. వాడు జీతం తీసుకుని కూడా చెవి ఒగ్గడు. పైగా పేపర్లో ఫోటో ఒకటి, గడ్డం కింద చేయి పెట్టుకుని.”

“నువ్వు చంటోణ్ణి తిడుతున్నావా, వెనకేసుకొస్తున్నావా? ఏదో ఒకటి తేల్చు, టైపు చేసే నాకు తెలియాలిగా.”

“తిడుతున్నా. ఏడో పాట పెట్టు. వెనక టకటకా వస్తోంది, విన్నావా?”

“ఊఁ.”

“అది నా మిషన్.”

“నీ మిషనా!”

“ఎప్పుడొచ్చి రికార్డు చేసుకెళ్ళాడో దొంగవెధవ. ఒక్క మాట అడిగాడా? అదీ బెల్టు వదులుగా ఉన్నప్పటి చప్పుడు. బాగు చేయించాక చేసుకోకూడదూ, నలుగురూ వినేది!”

“ఇది రాయనా? ‘కుట్టుమిషన్ చప్పుడు పెట్టి…’”

“రాస్తే నేనని తెలిసిపోదూ! ‘ఏడో పాటలో ఆ టకటక ఎందుకో దేవుడికే తెలియాలి’ అని రాయి. చాలు. ఆ పొగిడేవాళ్ళు ఇవాళేమైనా రాశారా?”

“ఎందుకు రాయలేదూ! ‘ఈ ఆల్బం విన్నాక నేను మునుపటి మనిషిని కాను.’ వెన్నెలవాగు అని ఎవరో.”

“మునుపటి మనిషి కాకపోతే డాక్టరుకు చూపించుకోమను.”

“ఇంకోటి. ‘శతాబ్దానికి ఒక్కసారి పుట్టే శబ్దం. ఆకాశం విరిగి సముద్రంలో పడినట్టుంది.’”

“పడితే వీడెక్కడున్నాడట, ఒడ్డునా? అన్నీ ఆకాశాలూ, సముద్రాలూ, నక్షత్రాలూ. ఒక్కడైనా ఫలానా పాటలో ఫలానా చోట బాగుందని చెప్పాడా? పనీపాటా లేని గాలి సన్నాసులు. వీళ్ళే, వీళ్ళే నా కొడుకుని ఆ వ్యాను ఎక్కిస్తున్నది. రేపు ఏదైనా అయితే ఈ వెన్నెలవాగు వస్తాడా ఆసుపత్రికి?”

“అక్కా, ఫోను. చంటోడు.”

“ఎత్తకు! ఎత్తు, ఎత్తు. ఈ వేళప్పుడు చేశాడంటే ఏదో అయ్యుంటుంది. నేను లేనని చెప్పు. స్పీకర్లో పెట్టు.”

“హలో. ఏరా చంటీ?”

“పిన్నీ, అమ్మ అక్కడుందా?”

“లేదురా. ఇంట్లో యూనిఫారాలు కుట్టుకుంటూ ఉంటుంది.”

“మంచిదే. అమ్మకి నువ్వే చెప్పాలి పిన్నీ, నాకు నోరు రావట్లేదు. వ్యాను లేదు. మేం ఎక్కడికీ వెళ్ళట్లేదు.”

“ఏమైంది? పిలిచినవాళ్ళు వద్దన్నారా?”

“ఎవరూ పిలవలేదు.”

“ఊరూరా పిలిచారన్నావుగా!”

“పిలుస్తారనుకున్నాం. పొగడ్తలు కనబడితే ఎవరో ఒకరు పిలుస్తారని… ఆ పొగడ్తలు మావే పిన్నీ.”

“మీవే అంటే?”

“మేమే రాసుకున్నాం. నలుగురం కూర్చుని, తలా కొన్ని పేర్లు పెట్టుకుని. వెన్నెలవాగు నేనే.”

“ఓరి నీ…”

“నవ్వకు పిన్నీ.”

“నవ్వట్లేదురా నాన్నా. మరి బయటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు కూడా…”

“పేపరాయన వినకుండా రాశాడు. ఇంకో ఆయనున్నాడు. ముక్కుసూటి అని. ఎవరో రిటైరైన పెద్దాయన అయ్యుంటాడు, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరనుకుంటా. రోజూ వచ్చి తిట్టిపోతాడు.”

“రోజూనా… ఎంత దుర్మార్గుడురా!”

“అలా అనకు. ఈ ఆల్బం నిజంగా విన్నవాడు లోకంలో ఆయనొక్కడే పిన్నీ. ‘ఐదో పాట పాడేటప్పుడు వీడికి ముక్కు పూడుకుపోయింది, ఆవిరి పట్టించే దిక్కు లేదు కాబోలు’ అని రాశాడు. ఆ రోజు నాకు జ్వరం. పక్కనే వాయిస్తున్న మా వాళ్ళకే తెలియలేదు. పొద్దున లేవగానే ఇవాళ ఈయనేం తిట్టాడా అని చూసుకుంటున్నా, నమ్ముతావా?”

“నమ్ముతాన్రా.”

“ఒక్కడు వింటే ఏం లాభంలే. గిటారు బేరానికి పెట్టా. సోమవారం నుంచి గోడౌన్లో చేరతానని అమ్మకి చెప్పు, సంతోషిస్తుంది. ఇక పాటల జోలికి పోనని కూడా చెప్పు.”

“అది నువ్వే చెప్పరా చంటీ, ఒకసారి ఇంటికెళ్ళి…”

“వద్దు పిన్నీ. ఉంటా.”

“పెట్టేశాడు.”

“ఊఁ.”

“గెలిచావక్కా. వ్యానూ లేదు, ఘాట్ రోడ్డూ లేదు. సాయంత్రానికల్లా ఇల్లు చేరతాడు. నువ్వు కోరింది కోరినట్టు అయింది.”

“జ్వరం కూడా వచ్చిందట. నేను ఉట్టి జలుబే అనుకున్నా.”

“ఎప్పటిదోలే అక్కా అది. తగ్గిపోయి కూడా చాన్నాళ్ళయింది.”

“వాడి వెన్నెలవాగుని నేను గాలి సన్నాసి అన్నాను.”

“వాడికి వినబడలేదుగా. సరే, ఈ ముక్కుసూటిని మూసేయనా? పని అయిపోయిందిగా.”

“ముట్టుకోకు దాన్ని.”

“ఇంకా ఏం మిగిలిందే?”

“రాయి. గిటారు అమ్మొద్దని… వద్దు వద్దు, అది రాస్తే మనం విన్నామని తెలిసిపోతుంది. ఆగు, ఆలోచించనీ.”

“ఆలోచించే ముందు ఒక మాట విను. వాణ్ణి మళ్ళీ ఎగదోస్తే మళ్ళీ పాటలంటాడు. ఏదో ఒక రోజు నిజంగానే పిలుస్తారు. అప్పుడు మళ్ళీ వ్యానే, ఆ కళ్ళు మూసుకునేవాడే డ్రైవరు. తట్టుకుంటావా?”

“తట్టుకోలేను. రాయవే ముందు.”

“చెప్పు మరి.”

“‘ఇంత దరిద్రపుగొట్టు ఆల్బం నా జన్మలో వినలేదు. రెండోది ఎప్పుడు?’”